2017 గుజరాత్ రాజ్యసభ ఎన్నిక: రద్దయిన ఆ రెండు ఓట్లు ఫలితాన్ని మార్చాయా?

#1 పెన్నాతీరం

రాజ్యసభ ఎన్నికలు వచ్చిన ప్రతిసారీ టీవీ చర్చల్లో ఒక మాట తప్పకుండా వినిపిస్తుంది. "గుజరాత్‌లో రెండు ఓట్లు రద్దయ్యాయి కాబట్టే అహ్మద్ పటేల్ గట్టెక్కారు, లేకపోతే ఓడిపోయేవారు" అని. 45 ఓట్లు కావాల్సింది కాస్తా 44కి దిగిందని దానికి వివరణ. ఈ మాట నిజమేనా అన్నది లెక్కతో సహా తేల్చుకుందామని ఈ చర్చ మొదలుపెడుతున్నాను.

గుర్తులేనివాళ్ల కోసం బలాబలాలు. పోలింగ్ 2017 ఆగస్టు 8న గాంధీనగర్‌లో. సీట్లు మూడు, అభ్యర్థులు నలుగురు: బీజేపీ నుంచి అమిత్ షా, స్మృతి ఇరానీ, బల్వంత్‌సింహ్ రాజ్‌పుత్, కాంగ్రెస్ నుంచి అహ్మద్ పటేల్. సభలో మొత్తం స్థానాలు 182. జూలై ఆఖరి వారంలో ఆరుగురు కాంగ్రెస్ ఎమ్మెల్యేలు రాజీనామా చేశారు. వాళ్లలో రాజ్‌పుత్ ఒకరు, ఆయననే బీజేపీ మూడో అభ్యర్థిగా నిలబెట్టింది. దాంతో ఓటర్ల సంఖ్య 176కి వచ్చింది: బీజేపీ 121, కాంగ్రెస్ 51, ఎన్సీపీ 2, జేడీయూ 1, గుజరాత్ పరివర్తన్ పార్టీ తరఫున గెలిచినవారు 1. కాంగ్రెస్ తన 44 మంది ఎమ్మెల్యేలను బెంగళూరు దగ్గర రిసార్టుకు తరలించింది ఆ రోజుల్లోనే.

వచ్చిన ఓట్లు: షా 46, ఇరానీ 46, పటేల్ 44, రాజ్‌పుత్ 38. చెల్లనివి 2.

నా ప్రశ్నలు ఇవి. పెట్టెలో పడిపోయిన ఓటును ఎలా వెనక్కి తీసి రద్దు చేశారు? కోటా లెక్క ఎలా వేస్తారు? ఆ రెండూ చెల్లి ఉంటే ఏమయ్యేది?

#2 చట్టసభల చదువరి

మొదటి ప్రశ్నకు నేను చెప్తాను, లెక్క సంగతి లెక్కలపుస్తకం మాస్టారికి వదిలేస్తాను.

రాజ్యసభ ఓటు రహస్యం కాదు. 2003లో ప్రజాప్రాతినిధ్య చట్టాన్ని సవరించి బహిరంగ ఓటు పెట్టారు. అదే సవరణతో, ఏ రాష్ట్రం నుంచి పోటీ చేస్తే ఆ రాష్ట్రంలో ఓటరై ఉండాలన్న నిబంధన కూడా తీసేశారు. రెండింటినీ సుప్రీంకోర్టు 2006లో కుల్‌దీప్ నయ్యర్ కేసులో సమర్థించింది. అయితే "బహిరంగం" అంటే అందరికీ చూపించమని కాదు. ఇక్కడే చాలామంది పొరబడతారు.

ఎన్నికల నిర్వహణ నియమాల్లో 39ఏఏ అని ఒకటుంది. పార్టీ ఎమ్మెల్యే బ్యాలెట్ తీసుకుని, అరలోకి వెళ్లి అభ్యర్థుల పేర్ల ఎదుట 1, 2, 3 అని ప్రాధాన్యత అంకెలు వేసి, మడత పెట్టాక, పెట్టెలో వేసేలోపు తన పార్టీ నియమించిన అధీకృత ఏజెంటుకు దాన్ని చూపించాలి. తన పార్టీ ఏజెంటుకు మాత్రమే. చూపించనంటే ఓటు రద్దు. పక్క పార్టీ ఏజెంటుకో, మరో సభ్యుడికో చూపించినా రద్దే. స్వతంత్ర సభ్యుడైతే ఎవరికీ చూపించకూడదు. ఉల్లంఘన జరిగితే అధికారి ఆ బ్యాలెట్‌ను వెనక్కి తీసుకుని, దాని వెనక రద్దు కారణం రాసి, విడిగా కవరులో పెడతాడు. పద్ధతి ఇదీ.

గుజరాత్‌లో ఏమైందంటే, కాంగ్రెస్ ఎమ్మెల్యేలు భోలాభాయ్ గోహిల్, రాఘవ్‌జీ పటేల్ తమ బ్యాలెట్లను అధీకృత ఏజెంటుకే కాక అవతలివాళ్లకు కూడా కనిపించేలా చూపించారని కాంగ్రెస్ ఏజెంటు ఫిర్యాదు చేశాడు. రిటర్నింగ్ అధికారి ఒప్పుకోలేదు. బ్యాలెట్లు పెట్టెలో పడిపోయాయి. అందుకే వ్యవహారం ఢిల్లీ దాకా వెళ్లింది.

పెట్టెలోంచి ఎలా తీశారంటే: ప్రతి బ్యాలెట్‌కూ వరుస సంఖ్య ఉంటుంది. అదే సంఖ్య కౌంటర్‌ఫాయిల్ మీదా ఉంటుంది, ఆ కాగితం ఏ సభ్యుడికి ఇచ్చారో అక్కడ నమోదై ఉంటుంది. కమిషన్ ఆదేశించాక ఆ సంఖ్యల ప్రకారం రెండు కాగితాలను పక్కకు తీసి, మిగతావి లెక్కపెట్టారు.

#3 గ్యాలరీ సీటు

ఆ రాత్రి వరుస కూడా చెప్పాలి. పోలింగ్ ఉదయం 9 నుంచి సాయంత్రం 4 వరకు, లెక్కింపు 5 గంటలకు మొదలవ్వాలి. కమిషన్ అనుమతి వస్తే తప్ప పెట్టె తెరవకూడదు. ఫిర్యాదు పెండింగులో ఉంది కాబట్టి అనుమతి రాలేదు. ఢిల్లీలో కాంగ్రెస్ తరఫున చిదంబరం, గులాం నబీ ఆజాద్ తదితరులు కమిషన్ గడప తొక్కితే, బీజేపీ తరఫున అరుణ్ జైట్లీ, రవిశంకర్ ప్రసాద్ తదితరులు వెళ్లారు. ఒకరు దిగివస్తుంటే ఇంకొకరు ఎక్కుతున్నారు.

కాంగ్రెస్ వాదన: వీడియో చూడండి, చూపించడం కనబడుతోంది, హర్యానాలో 2016లో ఇదే కారణంతో ఓటు రద్దు చేశారు, ఇక్కడా చేయండి. బీజేపీ వాదన: బ్యాలెట్ పెట్టెలో పడ్డాక కథ ముగిసింది, రిటర్నింగ్ అధికారి నిర్ణయం అయిపోయింది, అభ్యంతరం ఉంటే ఎన్నికల పిటిషన్ వేసుకోవాలి తప్ప కమిషన్ మధ్యలో కలగజేసుకోకూడదు.

రెండు వాదనల్లోనూ పస ఉందని నా అభిప్రాయం. చివరకు కమిషన్ వీడియో చూసి, రాజ్యాంగంలోని 324వ అధికరణ కింద తనకున్న అధికారంతో, రిటర్నింగ్ అధికారి నిర్ణయాన్ని పక్కనపెట్టి రెండు ఓట్లనూ రద్దు చేసింది. లెక్కింపు అర్ధరాత్రి దాటాక జరిగింది. ఫలితం వచ్చేసరికి క్యాలెండరులో తేదీ మారిపోయింది.

#4 లెక్కలపుస్తకం

ఇక కోటా. కాగితం, పెన్ను పక్కన పెట్టుకుని చదవండి.

ఒకటికంటే ఎక్కువ సీట్లున్నప్పుడు ప్రతి బ్యాలెట్ విలువ 1 కాదు, 100. చెల్లిన కాగితాల మొత్తం విలువను (సీట్లు + 1)తో భాగించి, శేషం వదిలేసి, వచ్చినదానికి 1 కలపాలి. అది కోటా, అంత విలువ వచ్చినవారు గెలిచినట్టే.

జరిగినది: చెల్లినవి 174. విలువ 17,400. నాలుగుతో భాగిస్తే 4,350. ఒకటి కలిపితే 4,351. షా 4,600, ఇరానీ 4,600, పటేల్ 4,400. ముగ్గురూ మొదటి లెక్కింపులోనే కోటా దాటేశారు. రెండో ప్రాధాన్యత ముట్టుకోవాల్సిన పనే రాలేదు.

100 ఎందుకంటే, కోటా మించిన విలువను తర్వాతి ప్రాధాన్యతకు బదిలీ చేసేటప్పుడు ఓటును ముక్కలు చేయాలి. విలువ 1గా ఉంటే ముక్కలు రావు.

#5 ఓరుగల్లు కోట

అంటే టీవీవాళ్లు చెప్పేది నిజమే కదా మాస్టారూ. 176 చెల్లి ఉంటే 17,600 బై 4 = 4,400, ప్లస్ 1 = 4,401. పటేల్‌కు ఉన్నవి 4,400. ఒక్క పాయింటు తక్కువ. 44 ఓట్లతో కోటా రాదు, 45 ఉండాలి. ఓడిపోయేవారు.

#6 లెక్కలపుస్తకం

కోటా రాకపోవడం వేరు, ఓడిపోవడం వేరు. ఈ ఒక్క తేడా పట్టుకోక ఇన్నేళ్లుగా తప్పు ప్రచారమవుతోంది. చివరి సీటుకు కోటా అవసరం లేదు. మిగిలినవాళ్లలో అందరికంటే వెనకబడకుండా ఉంటే చాలు.

ఆ రెండు ఓట్లూ రాజ్‌పుత్‌కే పడ్డాయనుకుందాం, అంటే 38 కాస్తా 40. మొదటి లెక్కింపు: షా 4,600, ఇరానీ 4,600, పటేల్ 4,400, రాజ్‌పుత్ 4,000. కోటా 4,401. షా, ఇరానీ గెలిచారు. ఒక సీటు మిగిలింది.

ఇప్పుడు మిగులు బదిలీ. షా మిగులు 4,600 నుంచి 4,401 తీసేస్తే 199. ఆయన కాగితాలు 46. ఒక్కో కాగితం ఎంత విలువతో వెళ్లాలి? 199ని 46తో భాగిస్తే 4.32. నియమం ప్రకారం భిన్నం వదిలేయాలి, కాబట్టి 4. ఆ 46 కాగితాల మీదా తర్వాతి ప్రాధాన్యత రాజ్‌పుత్‌దే అనుకుంటే 46 × 4 = 184. ఎవరైనా రెండో ప్రాధాన్యత ఇరానీకి వేసినా ఇబ్బంది లేదు, ఆమె అప్పటికే గెలిచారు కాబట్టి ఆ అంకెను దాటి మూడోదానికి పోతారు. ఇరానీ మిగులు కూడా అచ్చంగా అంతే, 184.

రాజ్‌పుత్: 4,000 + 184 + 184 = 4,368. పటేల్: 4,400. రాజ్‌పుత్ ఆఖరివాడు, తొలగింపు. మిగిలింది ఒక్క సీటు, ఒక్క అభ్యర్థి. పటేల్ గెలుపు.

సరిచూసుకోండి: 4,401 + 4,401 + 4,400 + 4,368 = 17,570. భిన్నాల్లో పోయింది 30. మొత్తం 17,600.

#7 కృష్ణలంక

మీరు 46, 46, 40 పట్టుకుని కూర్చున్నారు. బీజేపీ పంపకం అలా చేసింది కాబట్టి అలా వచ్చింది. ఇద్దరికీ 45 చొప్పున ఇచ్చి మూడో ఆయనకు 42 ఇచ్చి ఉంటే? ఏ పార్టీ అయినా ఎమ్మెల్యేలను గ్రూపులు చేసి "మీరు ఫలానావారికి 1, ఫలానావారికి 2" అని చెప్పే పంపుతుంది. ఆ పంపకం తప్పితే సీటే పోతుంది. ఇక్కడ పంపకం లోపమేమో చూడాలి కదా.

#8 లెక్కలపుస్తకం

చూద్దాం. 45, 45, 42. మిగులు 99 చొప్పున. 99ని 45తో భాగిస్తే 2.2, అంటే 2. 45 × 2 = 90. రాజ్‌పుత్: 4,200 + 90 + 90 = 4,380. ఇంకో 12 పెరిగింది, అయినా 4,400 అందలేదు.

ఇంకా తేలిగ్గా చెప్తాను. పంపకం ఎలా చేసినా బీజేపీ చేతిలో ఉన్నవి 132 కాగితాలు, విలువ 13,200. ముగ్గురికీ కోటా రావాలంటే 4,401 × 3 = 13,203 కావాలి. మూడు పాయింట్లు తక్కువ. ఇద్దరికి కోటా నింపితే మిగిలేది 13,200 − 8,802 = 4,398. ఒక్క భిన్నం కూడా వృథా కాకపోయినా 4,398. పటేల్ దగ్గరున్నది 4,400. ఎప్పటికీ అందదు.

#9 కృష్ణలంక

"ఎప్పటికీ" అనకండి. ఒక్క దారి ఉంది, మీరు వదిలేశారు. ముగ్గురికీ సమానంగా 44, 44, 44 పంచితే?

నలుగురూ 4,400 దగ్గర నిలబడతారు. కోటా 4,401. ఒక్కరికీ రాదు. మిగులూ లేదు, బదిలీ చేయడానికేమీ లేదు. అప్పుడు ఎవరినో ఒకరిని తొలగించాలి, కానీ నలుగురూ సమానం. మొదటి ప్రాధాన్యతలూ సమానం. ఇక చీటీయే గతి.

#10 లెక్కలపుస్తకం

ఒప్పుకుంటున్నాను, నా మాట సవరించుకోవాలి. 44-44-44 అయితే చీటీ ద్వారా తొలగింపు. చీటీ బీజేపీ ముగ్గురిలో ఎవరి మీద పడినా మిగతా ముగ్గురు గెలుస్తారు, అందులో పటేల్ ఉంటారు. చీటీ పటేల్ మీద పడితేనే బీజేపీకి మూడు సీట్లు. నాలుగింట ఒక వంతు అవకాశం.

మిగతా పంపకాలన్నీ కూడా వేసి చూశాను. ఒక్కరికి 45 ఇచ్చినా సమానత్వం చెడుతుంది. ఎందుకంటే అతని దగ్గర 4,401 ఆగిపోతుంది, మిగతా ఇద్దరికీ కలిపి 8,799 మాత్రమే మిగులుతుంది. ఇద్దరికీ 4,400 చొప్పున కావాలంటే 8,800 ఉండాలి. ఒక్క పాయింటు తక్కువ, కాబట్టి ఒకరు పటేల్ కంటే కింద పడతారు. సమాన పంపకం ఒక్కటే దారి, అదీ చీటీ దాకానే. ఏ పార్టీ అయినా తన జాతీయ అధ్యక్షుడిని అలాంటి చీటీలో నిలబెడుతుందా? 46, 46 ఇవ్వడం వెనక జాగ్రత్త అదే. ఒకటి అటూఇటూ పోయినా ఆ ఇద్దరికీ ఢోకా ఉండకూడదు.

#11 గ్యాలరీ సీటు

మరైతే ఆ రాత్రంతా రెండు పార్టీలూ ఆ రెండు కాగితాల కోసం అంతలా ఎందుకు పోరాడాయి? పెట్టె తెరవలేదు కాబట్టి పటేల్‌కు 44 ఉన్నాయో 43 ఉన్నాయో ఎవరికీ తెలియదు. 43 అయి ఉంటే రద్దు వల్ల గట్టెక్కేవారని వాదించవచ్చు కదా?

#12 లెక్కలపుస్తకం

మంచి ప్రశ్న. అదీ వేసి చూద్దాం.

పటేల్‌కు 43, రెండు రద్దు. చెల్లినవి 174, కోటా 4,351. బీజేపీకి 131: 46, 46, 39. మిగులు 4,600 − 4,351 = 249. 46తో భాగిస్తే 5. బదిలీ 230 చొప్పున. రాజ్‌పుత్: 3,900 + 460 = 4,360. కోటా దాటేశారు. పటేల్ 4,300తో ఓటమి.

పటేల్‌కు 43, రద్దు లేదు. బీజేపీకి 133: 46, 46, 41. రాజ్‌పుత్: 4,100 + 368 = 4,468. పటేల్ ఓటమి.

అంటే బీజేపీ ఆ 46-46 పంపకంతోనే దిగితే, పటేల్‌కు 44 ఉంటే రద్దు ఉన్నా లేకున్నా గెలుపు, 43 ఉంటే రద్దు ఉన్నా లేకున్నా ఓటమి. ఆ రెండు బ్యాలెట్లు మార్చింది ఒక్కటే: పటేల్ మొదటి లెక్కింపులో గెలిచారు, లేకపోతే మూడో అంచెలో గెలిచేవారు. సీటును నిర్ణయించింది రద్దయిన ఓట్లు కావు, పటేల్‌కు పడిన నలభై నాలుగో ఓటు.

#13 పెన్నాతీరం

నేను అడిగినదానికి ఇంతకంటే సూటి జవాబు ఉండదు. ఒక్క సందేహం. ఆ రెండు ఓట్లూ రాజ్‌పుత్‌కు కాక షాకు పడి ఉంటే?

#14 లెక్కలపుస్తకం

షా 48, మిగులు 399, 48తో భాగిస్తే 8, బదిలీ 384. ఇరానీ నుంచి 184. రాజ్‌పుత్: 3,800 + 568 = 4,368. యాదృచ్ఛికంగా అదే అంకె. ఎటు తిప్పినా 4,398 పైకప్పు దాటదు.

#15 చట్టసభల చదువరి

ఈ లెక్కకు కోర్టులోనూ విలువుంది. రాజ్‌పుత్ గుజరాత్ హైకోర్టులో ఎన్నికల పిటిషన్ వేశారు. ఆ రెండు ఓట్లను లెక్కపెట్టి ఉంటే తనే గెలిచేవాడినన్నది అందులో ఒక వాదన. ఎమ్మెల్యేలను రిసార్టుకు తీసుకెళ్లడం అవినీతి చర్య కిందికి వస్తుందన్నది మరొకటి. ప్రజాప్రాతినిధ్య చట్టం 100వ సెక్షన్ ప్రకారం, ఓటును తప్పుగా స్వీకరించారనో తిరస్కరించారనో నిరూపిస్తే చాలదు. దానివల్ల గెలిచిన అభ్యర్థి ఫలితం గణనీయంగా ప్రభావితమైందని కూడా చూపించాలి. రద్దు తప్పే అనుకున్నా, పైన మాస్టారు చూపిన 4,400, 4,368 తేడాను దాటాల్సిందే.

పిటిషన్‌ను మొదట్లోనే కొట్టేయాలని పటేల్ కోరారు, కుదరలేదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా విచారణ ఆపడానికి ఒప్పుకోలేదు. పటేల్ 2020 నవంబరు 25న కన్నుమూశారు.

ఇంకో అపోహ కూడా తొలగాలి. రాజ్యసభ ఎన్నికలో పార్టీ చెప్పినట్టు ఓటు వేయకపోతే సభ్యత్వం పోతుందనుకుంటారు. పోదు. పార్టీ ఫిరాయింపులను అడ్డుకునే రాజ్యాంగం పదో షెడ్యూలు కింద అనర్హత ఈ ఓటుకు వర్తించదు. పార్టీ బయటకు పంపగలదు, అంతే. ఏజెంటుకు చూపించమన్నది ఎవరు ఎటు వేశారో పార్టీకి తెలియడానికి, శిక్షకు కాదు.

#16 బే ఏరియా తెలుగు

చెల్లని ఓటు నిజంగానే ఫలితం మార్చిన సందర్భం ఏదైనా ఉందా? అమెరికాలో సెనేట్ సీటుకు జనమే నేరుగా ఓటు వేస్తారు, అక్కడ రీకౌంటు అంటే లక్షల కాగితాలు. ఇక్కడ నూటికి అటూఇటూ ఓటర్లతో సీటు తేలిపోతుంటే ఒక్క కాగితం బరువు ఎక్కువే ఉంటుంది కదా.

#17 లెక్కలపుస్తకం

ఉంది. 2022 జూన్ 10, హర్యానా. రెండు సీట్లు, 90 మంది సభ్యులు. ఒకరు ఓటు వేయలేదు, ఒక కాంగ్రెస్ ఓటు చెల్లలేదు. చెల్లినవి 88. కోటా: 8,800ని 3తో భాగిస్తే 2,933, ప్లస్ 1 = 2,934.

బీజేపీ కృష్ణలాల్ పన్వార్ 36, కాంగ్రెస్ అజయ్ మాకెన్ 29, బీజేపీ మద్దతున్న స్వతంత్రుడు కార్తికేయ శర్మ 23. పన్వార్ మిగులు 666. 36 కాగితాలకు పంచితే 18.5, భిన్నం వదిలేస్తే 18, అంటే 648. శర్మ 2,300 + 648 = 2,948. మాకెన్ 2,900. పత్రికల్లో శర్మకు 29.6 అని వచ్చింది, అది భిన్నాలు వదలకుండా వేసినది. ఎలా వేసినా మాకెన్ వెనకే.

ఆ చెల్లని ఒక్క ఓటు మాకెన్‌కు చెల్లి ఉంటే? చెల్లినవి 89, కోటా 2,967, మాకెన్ 3,000. మొదటి లెక్కింపులోనే గెలుపు, బదిలీ దాకా వెళ్లే పనే లేదు. గుజరాత్ గురించి జనం చెప్పుకునే మాట హర్యానాకు సరిగ్గా అతుకుతుంది.

#18 చట్టసభల చదువరి

అసలు ఓటు ఎందుకు చెల్లదో కూడా చెప్పుకుందాం, ఎమ్మెల్యేలకు కూడా ఇది చాలా సందర్భాల్లో తెలియదు.

అంకె వేయాలి. టిక్కు, ఇంటూ గుర్తు పెడితే చెల్లదు. "ఒకటి" అని అక్షరాల్లో రాసినా చెల్లదు. అంకె మాత్రం ఏ భారతీయ భాషలోనైనా వేయవచ్చు, రోమన్‌లోనూ వేయవచ్చు. అంటే మన సభ్యుడు ౧, ౨, ౩ అని తెలుగు అంకెలు వేస్తే నిక్షేపంగా చెల్లుతుంది. 1 తప్పనిసరి, 2 నుంచి కిందివి ఐచ్ఛికం. ఇద్దరి ఎదుట 1 వేస్తే చెల్లదు. ఒకే పేరు ఎదుట 1తో పాటు ఇంకో అంకె కూడా వేస్తే చెల్లదు. అంకె రెండు పేర్ల మధ్య గీత మీద పడి ఎవరిదో తేలకపోతే చెల్లదు. ఓటరెవరో పట్టిచ్చే గుర్తు, సంతకం ఉన్నా అంతే.

పెన్ను సంగతి వేరే. హర్యానాలో 2016 జూన్‌లో వేరే పెన్ను, వేరే సిరా కారణంగా డజనుదాకా కాంగ్రెస్ ఓట్లు పోయి ఆర్.కె.ఆనంద్ ఓడిపోయారు, సుభాష్ చంద్ర గెలిచారు. ఆ గొడవ తర్వాతే కమిషన్ ఊదారంగు స్కెచ్ పెన్ను తనే సరఫరా చేయడం మొదలుపెట్టింది. ఇప్పుడు ఆ పెన్నుతోనే వేయాలి, సొంత పెన్ను లోపలికి పనికిరాదు.

2017లో బ్యాలెట్ మీద నోటా కూడా ఉండేది. దానిపై కాంగ్రెస్ సుప్రీంకోర్టుకు వెళ్లింది. అప్పుడు స్టే రాలేదు కానీ 2018 ఆగస్టు 21న కోర్టు రాజ్యసభ ఎన్నికల్లో నోటాను కొట్టేసింది. ప్రాధాన్యత బదిలీ అయ్యే పద్ధతిలో నోటాకు చోటు లేదన్నది సరైన మాట.

#19 కృష్ణలంక

పంపకం గురించి మన దగ్గరి ఉదాహరణ ఒకటి. ఆంధ్రప్రదేశ్, 2020 జూన్ 19. నాలుగు సీట్లు. పోలైనవి 173, చెల్లనివి 4, చెల్లినవి 169. కోటా 3,381, అంటే 34 ఓట్లుంటే చాలు. వైసీపీ నలుగురికీ సమానంగా 38 చొప్పున పడ్డాయి, పిల్లి సుభాష్ చంద్రబోస్, మోపిదేవి వెంకటరమణ, ఆళ్ల అయోధ్యరామిరెడ్డి, పరిమళ్ నత్వానీ. టీడీపీ వర్ల రామయ్యకు 17. 38 × 4 = 152. ఒక్క ఓటు కూడా పక్కకు పోలేదు.

బలం దండిగా ఉన్నప్పుడు సమాన పంపకం మేలు. నలుగురికీ తలా నాలుగు ఓట్ల దిండు ఉంటుంది, రెండు మూడు చెల్లకపోయినా ఎవరూ పడిపోరు. బలం బొటాబొటీగా ఉన్నప్పుడు మాత్రం ఇదే పంపకం ప్రమాదం, గుజరాత్‌లో 44-44-44 చూశాం కదా. అక్కడ ముఖ్యమైనవారికి కోటా కంటే ఒకటి ఎక్కువ ఇచ్చి, మిగతాది ఆఖరివారికి వదలాలి. దీనికి రెండో ప్రాధాన్యత గట్టిగా చెప్పి వేయించాలి. 1 వేసి ఊరుకుంటే ఆ కాగితం మిగులు ఆఖరివారికి చేరదు. బదిలీ విలువ లెక్కపెట్టేది తర్వాతి ప్రాధాన్యత ఉన్న కాగితాలతోనే.

#20 ఓరుగల్లు కోట

మాస్టారూ, నా 45 వాదన వెనక్కి తీసుకుంటున్నాను. ఇంకొక్కటి. 2019లో షా, ఇరానీ ఇద్దరూ లోక్‌సభకు గెలిచి అవే రెండు రాజ్యసభ సీట్లు ఖాళీ చేశారు. అప్పుడు కాంగ్రెస్‌కు ఒకటి రావాలి కదా, ఎందుకు రాలేదు?

#21 గ్యాలరీ సీటు

రెండు సీట్లకూ కలిపి ఒకే ఎన్నిక పెడితే వచ్చేది. రెండు సీట్లకు కోటా మూడో వంతు కంటే కాస్త ఎక్కువ, కాంగ్రెస్‌కు అంతకు మించి బలం ఉంది. కానీ కమిషన్ రెంటినీ విడి ఖాళీలుగా చూసి విడివిడిగా నోటిఫికేషన్లు ఇచ్చింది. విడి ఎన్నిక అంటే ఒక్కో సీటుకు సగం పైన ఓట్లు కావాలి, ప్రతి ఎమ్మెల్యే రెండు వేర్వేరు బ్యాలెట్లు వేస్తాడు. ఎక్కువ మంది ఎటుంటే రెండూ అటే. కాంగ్రెస్ సుప్రీంకోర్టుకు వెళ్లింది, కోర్టు జోక్యం చేసుకోలేదు, ఎన్నికల పిటిషన్ దారి చూపింది. జూలై 5న జైశంకర్, జుగల్‌జీ ఠాకోర్ గెలిచారు. ఖాళీ అయిన రోజులు దాదాపు ఒకటే, ఓటర్లు వాళ్లే, అయినా ఒకే ఎన్నికా రెండా అన్న దాని మీద సీటు చేతులు మారింది. ఇది నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

ఒకే సీటున్నప్పుడు లెక్క కూడా మారుతుంది: విలువ 100 కాదు 1, కోటా సగం ప్లస్ 1. హిమాచల్‌లో 2024 ఫిబ్రవరి 27న అలాంటి ఒక్క సీటుకే హర్ష్ మహాజన్, అభిషేక్ మను సింఘ్వీ చెరో 34తో నిలిచారు. చీటీ తీస్తే సింఘ్వీ పేరు వచ్చింది. చీటీలో పేరు వచ్చినవాడు తొలగిపోయినట్టు లెక్క కాబట్టి మహాజన్ గెలిచినట్టు ప్రకటించారు. ఆ పద్ధతి సరికాదని సింఘ్వీ కోర్టుకెక్కారు. కృష్ణలంకగారు #9లో చెప్పిన చీటీ కూడా అదే తొలగింపు చీటీ.

#22 పెన్నాతీరం

చివరిగా ఒకటి. ఫలితాల పత్రం చేతికొస్తే ఏది చూడాలి?

#23 లెక్కలపుస్తకం

మొదట చెల్లిన కాగితాల సంఖ్య, దాన్నుంచి మీరే కోటా వేసుకోండి. తర్వాత ఒక్కో అంచెకూ బదిలీ అయిన విలువ, బదిలీ తర్వాత మొత్తం. అడుగున "భిన్నాలు వదిలేయడం వల్ల పోయిన విలువ" అని ఒక వరుస ఉంటుంది. నిలువుగా అన్నీ కూడితే ప్రతి అంచెలోనూ చెల్లిన కాగితాలు × 100 రావాలి. రాకపోతే ఎక్కడో కూడిక తప్పు. గుజరాత్ 2017 పత్రంలో ఆ వరుస ఖాళీ, బదిలీయే జరగలేదు కాబట్టి. ఆ రెండు ఓట్లూ చెల్లి ఉంటే అక్కడ 30 అని ఉండేది.